పదిహేడో పీపా

టనుండాలో ఆగస్టు పొద్దున
ద్రాక్ష మోళ్ళ మీద మంచు ఇంకా లేవలేదు.
రేకుల షెడ్డులో, పీపాల సందున,
ఎర్నా గాజు గొట్టంతో
షిరాజ్ పైకి లాగి నా గ్లాసులో వదిలింది.
నల్లగా ఉంది. తలుపు వెలుతురుకి ఎత్తితే
అంచున మాత్రం వంకాయ తొక్క రంగు.

"చెప్పు" అంది.
ఆరేళ్ళుగా వచ్చినవాళ్ళకి అప్పజెబుతున్న పాఠం
నోటికి వచ్చేసింది:
బ్లాక్‌బెర్రీ, ప్లమ్, దేవదారు, పొగాకు.
"అది కరపత్రం. నీ నాలుక ఏమంది?"

నా నాలుక.
బ్లాక్‌బెర్రీ మొహం ముప్పయ్యో ఏట చూసిన నాలుక.
అంతకు ముందు దానికి తెలిసింది
బడి గోడ పక్క రాలిన నేరేడు పళ్ళు,
ఉప్పద్దుకు తిని
ఎవరిది ఎక్కువ ఊదా అయిందో
ఒకరికొకరం వెక్కిరిస్తూ చాపుకున్న మధ్యాహ్నాలు.

మళ్ళీ పుక్కిలించాను.
ముందు నేరేడు. వెనక మిరియం.
గొంతు దిగాక సన్నని వేడి, వాము నమిలినట్టు.
ఆ తర్వాత
చిగుళ్ళని ఎవరో లోపలికి లాగి కుట్టేసినట్టు
జామపిందె కొరికిన నాటి పట్టు.

"వగరు" అన్నాను.
టానిన్ అంటారు మీరు, అది రసాయనం పేరు.
డ్రై అంటారు, అది ఆరిన తువ్వాలు పేరు.
మాకిది రుచి. ఆరింటిలో ఒకటి,
తీపికీ పులుపుకీ తోబుట్టువు,
పంక్తిలో ఎవరూ మారు అడగనిది.

మధ్యాహ్నం డబ్బా తెరిచాను.
ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి:
మొదటి ఏడాది గొప్పకి పోయి
గోంగూర మాంసం తెచ్చాను.
ఆ పులుపు ముందు షిరాజ్
చేతులు కట్టుకు నిలబడింది.
పచ్చిమిర్చి తగిలేసరికి సారాలా మండింది.
ఎర్నా కళ్ళు తుడుచుకుంటూ
"రెండూ మంచివే. ఒక గదిలో పెట్టకు" అంది.
మా పెద్దత్త తన తోడికోడలి గురించి
అచ్చం ఈ మాటే అనేది.
ఆవకాయతో పందెం కాసి ఓడాను.
చేపల పులుసు మాట అడగొద్దు,
నోరంతా ఇనప మేకు.

ఇవాళ తెచ్చింది వేరు.
గొర్రె నల్లి బొమికలు,
మిరపకాయ జోలికి పోకుండా
మిరియాలూ ధనియాలూ కచ్చాపచ్చాగా దంచి
మూకుట్లో నల్లబడేదాకా వేపినవి.
పక్కన నువ్వులు కూరిన వంకాయ.
ఎర్నా వంతు, ఇంట్లో పొగబెట్టిన సాసేజ్,
గోధుమరంగు తేలిన చెడార్ ముక్క.

నల్లిలోంచి మూలగ పీల్చింది,
పెదాల మీద కొవ్వు మెరుస్తుండగానే ఓ గుక్క.
కళ్ళు మూసుకుంది.
లోపలేం జరుగుతోందో నాకు తెలుసు:
కొవ్వు దొరికిన వగరు
పళ్ళని వదిలేసి దాని వెంట పోతుంది.
మిరియం మిరియాన్ని గుర్తుపడుతుంది,
పరాయి సంతలో ఒకే ఊరివాళ్ళు
యాస పట్టి ఆగినట్టు.
మిగిలేది నేరేడు.
తీపి కాదు, తీపి పక్కన కూర్చున్నదేదో.

చాలాసేపు మాట్లాడలేదు.
బయట వాళ్ళ తాత నాటిన తీగలు
కత్తెర పడి, మొండి చేతులు చాచుకుని ఉన్నాయి.

తర్వాత లేచి సుద్దముక్క వెతికింది.
పదిహేడో పీపా మూత మీద
తేదీలకీ కొలతలకీ కింద
వంకర ఇంగ్లీషు అక్షరాల్లో రాసి
కూడబలుక్కుని చదివింది:
"వ... గారు."

దిద్దబోయి ఆగాను.
తీపిని మేమెప్పుడూ గారు అనలేదు.
నేతిని అనలేదు.
మారు అడగని ఈ ఒక్కదాన్ని
డెబ్బై ఎనిమిదేళ్ళ ఎర్నా,
వేళ్ళకి ధనియాల పొడి అంటుకుని ఉండగా,
మర్యాదగా పిలిచింది.

శనివారం బస్సు దిగినవాళ్ళు
ఆ పీపా ముందు ఆగుతారు.
ఎవరి పేరు ఇది, అని.
లోపలున్నాయనది, అంటాను.
మెత్తబడడానికి ఇంకో ఏడాది పడుతుంది,
వచ్చేటప్పుడు బొమికలు తెచ్చుకోండి.